కాస్త గమ్మునుండండబ్బా

అరచేతిలో ఇమిడే బ్లూటూత్ స్పీకరు ఉంది చూశారూ, దాని మీద నాకు ఈ మధ్య పట్టరాని కోపం వస్తోంది. ఇంట్లో పెట్టుకోండి, పెళ్ళిలో పెట్టుకోండి, కారు అద్దాలు బిగించుకుని చెవులు చిల్లులు పడేట్టు పెట్టుకోండి, నాకే పేచీ లేదు. దాన్ని వెంటేసుకుని కొండ మాత్రం ఎక్కకండి. మొన్న చలికాలంలో హార్సిలీ హిల్స్ మీద గాలిబండ దగ్గర పొద్దు గుంకేదాకా కూర్చున్నాం. పక్కన నలుగురు కుర్రాళ్ళు. వీపున మంచి సంచులు, కాళ్ళకు మంచి బూట్లు, స్టీలు నీళ్ళ సీసాలు. తిన్న చిక్కీ చుట్టిన కాగితం కూడా కింద పడెయ్యలేదు, మడిచి సంచి జేబులో పెట్టుకున్నారు. చూసి ముచ్చటేసింది. ఆ ముచ్చట తీరకముందే వాళ్ళలో ఒకతను సంచికి కొక్కెంతో వేలాడుతున్న స్పీకరు నొక్కాడు. ఇక లోయ మొత్తానికి ఒకటే పాట.

ప్లాస్టిక్ విషయంలో మనకు ఎంతో కొంత తెలివి వచ్చింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లలో చాలావాటిని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అడవులంటే ఇష్టమున్న పిల్లలు ఆదివారాలు గోనెసంచులు పట్టుకుని జలపాతాల దగ్గర సీసాలు ఏరుతున్నారు. వాళ్ళకు నా దండం. కానీ ఆ పిల్లలే రాత్రయ్యేసరికి టెంట్ల మధ్య మంట వేసి, చుట్టూ చేరి పాటలు పెడతారు. పగలంతా అడవిని శుభ్రం చేసిన చేతులే ఆ మీట నొక్కుతాయి. ఇందులో తప్పుందని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పెద్దవాళ్ళం మనమూ పాట మొదలవగానే తలాడిస్తూ కూర్చుంటున్నాం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 27వ సెక్షన్ చదివితే నాకు ధైర్యం వస్తుంది. అభయారణ్యంలో చెత్త వెయ్యకూడదన్న మాటా, జంతువులను వేధించకూడదన్న మాటా అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది బోర్డుల మీదికి ఎక్కింది, రెండోదాన్ని రాళ్ళు విసిరేవాళ్ళకే అనుకుని వదిలేశాం. రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా లౌడ్‌స్పీకర్లు వాడొద్దని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఊళ్ళోనే ఆ కట్టుబాటు ఉన్నప్పుడు అడవిలో ఎంతుండాలి! రాత్రి తిరిగే ప్రాణికి చెవులే కళ్ళు. ఆ చెవుల పక్కన డప్పు పాటలు పెట్టడాన్ని వేధించడం అనకపోతే ఇంకేమనాలి?

హార్సిలీ హిల్స్ సంగతే తీసుకోండి. ఏనుగు మల్లమ్మ కొండ అని మా పాతవాళ్ళు పిలిచే ఆ కొండ, నాలుగు వేల అడుగుల పైన, మదనపల్లె ఎండకు విరుగుడు. ఏనుగులు పెంచిన పిల్ల మల్లమ్మ అని కథ. ఆ బండల సందుల్లో పసుపుగొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణాదిలో రాళ్ళగుట్టలూ ముళ్ళపొదలూ ఉన్నచోట తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దొరకని పిట్ట. బిడియం ఎక్కువ. పొదలోంచి పొదలోకి దూరిపోతుంది. చూడటం కష్టం, కూతను బట్టి పట్టుకోవాలి. కొండకు అల్లంత దూరంలో, జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి లోయలో ఏళ్ళ తరబడి చెట్లు పెంచారు, పక్షులు తిరిగి వచ్చాయి. ఇంటి దగ్గర ఉండి పక్షుల గురించి చదువుకునే కోర్సు కూడా వాళ్ళు నడిపారు. పిట్టల్ని చూసే పని మీద తిరిగేవాళ్ళతో ఒక పూట నడిచి చూడండి. దుర్భిణి మెడలో వేలాడుతూనే ఉంటుంది. వాళ్ళు అడుగడుక్కీ ఆగేది చెవి ఒగ్గడానికి.

అసలు నా బాధ హార్సిలీ హిల్స్ కాదు. ఆ కొండ ఎప్పటినుంచో విడిది, అక్కడ మనుషులుంటారు, సందడుంటుంది. నా బాధ పుంగనూరు దాటి, పలమనేరు మీదుగా కుప్పం దాకా పోయే అడవి గురించి. అది కౌండిన్య అభయారణ్యం. 1990లో ప్రకటించారు, దాదాపు 358 చదరపు కిలోమీటర్లు. 1980ల్లో హోసూరు వైపునుంచి ఏనుగులు మన గట్టు దాటి వచ్చాయి. అంతకుముందు రెండు వందల ఏళ్ళుగా ఈ పక్క అడవి ఏనుగు లేదంటారు. వచ్చినవి ఉండిపోయాయి. మూడు రాష్ట్రాల గట్లు కలిసేచోట ఏనుగుకు గట్టుతో పనేముంది, నీళ్ళూ మేతా ఉన్నవైపు నడుస్తుంది.

ఏనుగు చెవి గురించి ఒక మాట. తిమింగలాల పాటల మీద పనిచేసిన కేటీ పేన్ 1984లో అమెరికాలో పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల దగ్గర కూర్చున్నప్పుడు గాలిలో ఒక అదురు తగిలింది ఆమెకు. చెవికి మాత్రం ఏమీ వినపడలేదు. తర్వాత రికార్డు చేసి, వేగం పెంచి వింటే ఏనుగులు మాట్లాడుకుంటున్నాయి. మన చెవికి అందనంత లోగొంతులో, కిలోమీటర్ల అవతలికి చేరేట్టు. గున్న తప్పిపోతే తల్లి పిలిచేదీ, ఏ దారిన పోదామని పెద్దది చెప్పేదీ అలాగే. మనకు చీకటీ కీచురాళ్ళూ తప్ప ఏమీ లేదనిపించే అడవి అసలు మాటలతో నిండి ఉంది.

మా తాత పొలం బైరెడ్డిపల్లె పక్క, అడవికి ఆనుకుని ఉండేది. రాగి చేను, దాని అవతల ఎవరిదో చెరకు. ఎనభైల చివర, సెలవులకు పోయినప్పుడు, నన్ను కాపలాకు తీసుకుపొమ్మని పోరు పెట్టేవాణ్ణి. అవ్వ ఒప్పుకునేది కాదు. తాత ఒప్పుకునేవాడు. నాలుగు నీలగిరి కొయ్యలు పాతి, మీద వెదురు తడికె పరిచి, బోదగడ్డి కప్పిన మంచె. మూడు బ్యాటరీల టార్చి. తలకిందులుగా వేలాడదీసిన డాల్డా డబ్బా, దాన్ని కొట్టడానికి ఒక కట్టె. తుండుగుడ్డలో సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరుబిండి. ఎక్కి కూర్చోగానే నేను వాగడం మొదలుపెట్టేవాణ్ణి, ఆయన ఒకే మాట అనేవాడు. "గమ్మునుండు నాయనా. చెవులు ఆడ పెట్టు."

ఆడ అంటే అడవి వైపు. కాసేపటికి నాకూ వినపడటం మొదలయ్యేది. ముందు కీచురాళ్ళు, తర్వాత చెరువు కట్ట మీద తీతువు. తీతువు అరిస్తే చావు కబురని ఊళ్ళో జడుస్తారు. తాత జడిసేవాడు కాదు. అది నేలమీద గుడ్లు పెట్టే పిట్ట, ఎవరు దగ్గరికొచ్చినా అరుస్తుంది, మనకు అది కాపలా కుక్కతో సమానం అనేవాడు. నక్కకు ఒకసారి అరిచి ఊరుకుంటుంది, మనిషికి అరుస్తూ వెంటబడుతుంది. ఏనుగు అడుగు చప్పుడు వినపడదు. అంత బరువు మోసే పాదం అడుగున మెత్త ఉంటుంది. వినపడేది అది విరిచే కొమ్మ. "ఇరస్తా ఉండాది, ఇంటివా?" అని నా భుజం నొక్కేవాడు. వెదురు విరిగితే టపాకాయ పేలినట్టు, తుమ్మ కొమ్మ విరిగితే కాస్త మందంగా. ఇంకా దగ్గరికొస్తే చేల్లో ఒక చప్పుడు, తప్, తప్ అని, ఆగి మళ్ళీ తప్, తప్. నాకు అర్థమయ్యేది కాదు. రాగి మొక్కను తొండంతో వేళ్ళతో సహా పీకి, ముందు కాలికేసి కొట్టి మన్ను దులుపుకుంటుందట. మన్ను దులపందే నోట్లో పెట్టుకోదు. చీకట్లో ఆ చప్పుళ్ళు ఎన్ని చోట్లనుంచి వస్తున్నాయో విని, ఎన్ని ఏనుగులు దిగాయో తాత చెప్పేవాడు. అప్పుడు గానీ డబ్బా మీద కట్టె పడేది కాదు. ఆయన డబ్బా మోగగానే పక్క మంచె మీద ఇంకో డబ్బా, అవతల ఒక పలక, ఎవరో కేక. చేను పోయిన రాత్రులూ ఉన్నాయి. మర్నాడు పొద్దున తాత తొక్కేసిన రాగి మధ్య నిలబడి, లద్దెను కట్టెతో కదిపి, పోయినదాన్ని గురించి ఒక్క మాటా అనకుండా మిగిలినదాన్ని కట్టలు కట్టేవాడు. ఏనుగును తిట్టగా నేను వినలేదు. దాన్ని సామి అనేవాడు.

ఇప్పుడు కందకాలు తవ్వారు, సోలారు కంచెలు వేశారు, ఏనుగుల జాడ తీసే ట్రాకర్లు ఉన్నారు. రామకుప్పం మండలం ననియాలలో జయంత్, వినాయక్ అనే కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరిమేందుకు తర్ఫీదిచ్చిన ఏనుగులు, ఉండేవి. 2025 మే 21న కర్ణాటక ప్రభుత్వం బెంగళూరులో మనకు ఇంకో నాలుగు కుంకీలను అప్పగించింది: రంజన్, దేవ, కృష్ణ, అభిమన్యు. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి క్యాంపు కట్టారు. ఆ నాలుగూ రాకముందు మనిషీ ఏనుగూ ఎదురుపడిన రాత్రులు చూడండి. 2023 జూన్‌లో ఒక రాత్రి పలమనేరు దగ్గర రోడ్డు దాటుతున్న మూడు ఏనుగులు వాహనం గుద్ది చనిపోయాయి, అందులో పిల్లలూ ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవి దారిన గుండాలకోనకు నడిచిపోతున్న భక్తుల్లో ముగ్గురిని ఏనుగులు తొక్కి చంపాయి. చీకట్లో ఎదురుపడితే ఇద్దరికీ గండమే.

మా మేనమామ కొడుకు కుప్పం పక్క పల్లెలో వ్యవసాయం చేస్తాడు. టమాటా, వరి, కాస్త అరటి. అతని చేనుకు రెండు చేలవతల, అడవి అంచున, ఎవరో టెంట్లు వేసి శని ఆదివారాలకు అద్దెకిస్తున్నారు. బెంగళూరు నుంచి వస్తారు, మూడు గంటల దారి లేదు. అడవిని చూడాలన్న కోరికతో వచ్చినవాళ్ళే, మంచి పిల్లలే అని అతనే అంటాడు. ఒక శనివారం రాత్రి పన్నెండుకు పోయి పాట ఆపమని అడిగితే తగ్గించారు, అరగంటకు మళ్ళీ పెంచారు. "బావా, ఆ పాట మోగతా ఉంటే నాకు కొమ్మ ఇరిచేది ఇనబడదు. ఇనబడకపోతే అది నా అరటి తోటలో ఉండేది నాకెట్ల తెలిసేది? టార్చి యాడికని ఏసేది?" అన్నాడు. ఆ మాట అన్నప్పటినుంచీ నాకు ఆ స్పీకరు కనబడితే ఒళ్ళు మండుతోంది. ఆ రాత్రి వాళ్ళకు విలాసం, అతనికి కాపలా. ఏనుగు వైపునుంచి ఆలోచిస్తే ఇంకా అన్యాయం. నలభై ఏళ్ళుగా దాన్ని డబ్బాతో, పలకతో, టపాకాయలతో తరుముతున్నాం. దాని లెక్కలో మోగే మనిషి అంటే తరిమే మనిషి. దాని దారి పక్కన తెల్లవార్లూ మోతపెట్టి, ఏనుగులు కనబడలేదే అని పొద్దున నిష్ఠూరమాడితే ఎట్లా?

అడవిలో వినడమంటే ఏమిటో తెలియాలంటే కడప లంకమల అడవుల్లో కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న ఆ పక్షిని 1986 జనవరిలో పక్షిశాస్త్రవేత్త భరత్ భూషణ్ మళ్ళీ కనుక్కున్నారు. రాత్రి పూట టార్చి వెలుగులో దాన్ని పట్టి ఇచ్చినది ఐతన్న అనే ఊరి వేటగాడు. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఆ తర్వాత దాన్ని వెతికినవాళ్ళు ఇసుకలో అడుగుల జాడ చూసీ, కూత వినీ వెతికారు. అది కూసేది పొద్దు గుంకి చీకటి పడ్డాక, అదీ కాసేపే. ఆ కాసేపటి కోసం ముళ్ళపొదల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నవాళ్ళున్నారు. వాళ్ళను తలచుకుంటే నాకు కళ్ళు చెమరుస్తాయి.

"మరి పాటలు వద్దంటే క్యాంపుకు పోయి రాత్రంతా ఏం చెయ్యాలి సార్?" అని మా పక్కింటి అబ్బాయి అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. సంక్రాంతికి ముందు పో, అన్నాను. పుంగనూరు సంతలో రెండు కిలోల అనపకాయలు కొనుక్కో, వంకర తిరిగి గింజ ఉబ్బినవి, ముట్టుకుంటే జిడ్డుగా వేళ్ళకంటి వాసన కొట్టాలి. వాసన లేని కాయ కొనొద్దు. మంట అక్కర్లేదు, ఒక చిన్న దీపం చాలు. అందరూ చుట్టూ కూర్చుని కాయలు ఒలవండి. చేతులకు పని ఉంటే నోరు తనంతట తను తగ్గుతుంది, చెవి ఖాళీగా ఉంటుంది. ఒలిచిన గింజల్ని నీళ్ళలో పోసి పడుకోండి. పొద్దున్నే ఆ నానిన గింజను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి పితికితే తోలు చేతిలో మిగిలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. మా అవ్వ పితుకుతుంటే వరసగా చిటికెలు వేసినట్టుండేది. అందులోకి కొబ్బరి, ధనియాలు, చెక్కా లవంగం నూరి వేసి చేసిన పితికిపప్పు పులుసు, వేడి సంగటి. కొందరు మాంసం కూడా వేస్తారు, నాకు నచ్చదు, మాంసం వాసనకు అనప వాసన లొంగిపోతుంది. మదనపల్లెలో కొన్ని ఇళ్ళల్లో వంకాయ వేస్తారు, అది బాగానే ఉంటుంది. సంక్రాంతి దాటితే గింజ ముదిరి తోలు ఊడదు, అందుకే ముందే పొమ్మన్నాను.