నీడను చూసి ఫిల్మ్ కొనాలి

ఎండలో ఫొటోలకు స్లో ఫిల్మ్ పట్టుకెళ్లమని పాత స్టూడియోవాళ్ల సలహా. లెక్క కూడా అలాగే చెబుతుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు లెన్సు ఎఫ్16 దగ్గర పెడితే, షట్టర్ వేగం ఫిల్మ్ ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా ఉండాలి. 125 ఫిల్మ్‌కి 1/125, 400 ఫిల్మ్‌కి 1/500. పాత కెమెరాలు చాలావాటిలో 1/500 దాటితే వేగమే లేదు. ఓర్వో, ఊటీ ఇందు రీళ్ల కాలంలో ఈ తర్జనభర్జన ఉండేది కాదు, కొట్లో ఏది ఉంటే అదే. ఇప్పుడు ఇల్‌ఫర్డ్‌లో 125 ఉన్న ఎఫ్‌పీ4 కొనాలా, 400 ఉన్న హెచ్‌పీ5 కొనాలా అని తలపట్టుకుంటున్నాం.

నల్లగొండ, పాలమూరు వైపు వెళ్లేటట్టయితే నా ఓటు 400కే. ఇక్కడ ఎండ ఎంత తీవ్రమో నీడ అంత చిక్కన. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమే చూడండి. బయట బండ మీద ఒట్టికాలు పెట్టలేం. లోపల లింగం వెనక గోడ మీద పగలంతా కదలనట్టు కనిపించే స్తంభం నీడ. జనం వచ్చేదే దాన్ని చూడ్డానికి. 125 ఫిల్మ్‌తో అక్కడ లెన్సు మొత్తం తెరిచినా చెయ్యి వణికే వేగాలే మిగులుతాయి. ముప్పైఆరు ఫొటోల రీలు ఒకసారి ఎక్కించాక గుడి గడపలో మార్చలేం కదా!

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కిందా ఇదే కథ. మూడెకరాల నీడలో ఆకుల సందుల్లోంచి ఎండ చిల్లర పైసల్లా రాలుతుంటుంది. ఆ కింద ఒక గొర్లకాపరి కూర్చున్నాడనుకోండి. భుజాన నల్ల గొంగడి, తెల్ల ధోతి, రుమాలు కింద చామనఛాయ ముఖం. మీటరు ధోతిని చూసి మోసపోతే గొంగడి ఉన్ని, ముఖం ముడతలు అన్నీ మసి. నెగటివ్ మీద పడని వెలుగును ఏ ప్రింటూ పుట్టించలేదు. అందుకే ముఖాన్ని కొలవాలి. 400 ఫిల్మ్‌ను 200 అనుకుని తీసి, డెవలపింగ్ సమయం ఐదో వంతు తగ్గిస్తే గొంగడీ దక్కుతుంది, ధోతీ మండిపోదు.

మరి బయటి ఎండ సంగతో? పసుపు ఫిల్టర్ బిగిస్తే సగం వెలుగును అదే మింగుతుంది. 200 అనుకున్నది 100 అవుతుంది, అంటే ఎండలో స్లో ఫిల్మే. నీడలోకి రాగానే తీసి జేబులో వేసుకోవచ్చు. అలంపురం ఎర్రరాతి గుళ్ల దగ్గర ఎర్ర ఫిల్టర్ ఊరిస్తుంది, ఆకాశం నల్లబడి రాయి వెలుగుతుంది. కానీ ఆరుబయట నీడకు వెలుగిచ్చేది నీలాకాశమే. ఎర్ర ఫిల్టర్ ఆ నీలాన్ని ఆపేస్తే, శిల్పాల మడతలన్నీ నల్లటి గుంటలవుతాయి. పైగా మే నెలలో దుమ్ముతో ఆకాశమే తెల్లగా ఉంటుంది, ఏ ఫిల్టరూ దాన్ని నల్లబరచలేదు. ఫిల్టర్ పనితనం చూడాలంటే వానలు వెలిసి, మబ్బు తునకలు తేలే అక్టోబరులో వెళ్లాలి.

భువనగిరి బండ, దేవరకొండ కోట మాత్రమే తీసేవారికి స్లో ఫిల్మే మేలు. స్టాండు వేసుకుని తీరిగ్గా తీస్తే రాతి గరుకు కూడా లెక్కపెట్టొచ్చు. గుట్టలు ఎండలోనే నిలబడి ఉంటాయి. మనుషులు నిలబడరు. మిట్టమధ్యాహ్నం ఈ ఊళ్లలో ఎవరు కావాలన్నా వేపచెట్టు కిందే వెతకాలి.