కోదాడ కోత మిషన్‌లో భూకంపం మాట

2020 జనవరి 26 తెల్లవారుజామున, రెండున్నర దాటాక, పులిచింతల జలాశయం చుట్టుపక్కల భూమి 4.6 తీవ్రతతో కదిలింది. చింతలపాలెం, మేళ్లచెరువు పల్లెల్లో జనం పిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తారు. అలాంటి చోట ఇల్లు ఎలా ఉండాలో కర్ర పని తెలిసినవాళ్లనే అడుగుదామని కోదాడలో ఒక కోత మిషన్‌కు వెళ్లాను.

వడ్రంగి మేస్త్రి ఒక పాత టేకు గుంజ చూపించాడు. పడగొట్టిన పెంకుటింటిది. దాని కుసిని దూలం బెజ్జంలో దింపి, కొయ్య మేకు కొట్టి, ఊపి చూడమన్నాడు. కిర్రుమంది, కాస్త వాలింది, ఊడలేదు.

"ఇనుప మేకైతే కర్రను చీలుస్తది సార్. ఇది కదులుతది గానీ పట్టు ఇడవదు."

ఆ కదలికలోనే ఉంది కిటుకు. కర్ర తేలిక కావడం కూడా కలిసొస్తుంది, ఎందుకంటే భూకంపం దెబ్బ ఇంటి బరువును బట్టి ఉంటుంది. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2400 కిలోలు. టేకు అందులో మూడో వంతు కూడా ఉండదు. 2023లో అమెరికాలోని శాండియాగోలో పది అంతస్తుల కర్ర భవనాన్ని కంపన వేదికపై నిలిపి, 1994 నార్త్‌రిడ్జ్, 1999 తైవాన్ భూకంపాల్లా ఊపారు. దాని గోడలు పునాది మీద ఊగి, లోపలి ఉక్కు కడ్డీల బిగువుతో మళ్లీ నిటారుగా నిలిచాయి.

"మరి నిప్పంటుకుంటే?" అన్నాను.

మేస్త్రి సగం కాలిన దూలం ఒకటి ముందుకు లాగి, బాడిసెతో బొగ్గు గీకాడు. కింద గట్టి కర్ర బయటపడింది. మందపాటి కలప మంటలో నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల లోతునే బొగ్గవుతుంది. ఆ పొరే లోపలి కర్రను కాపాడుతుంది. సన్న రీపర్లకు ఆ భాగ్యం లేదు. ఇనుప బిగింపులు బయటికి కనిపిస్తే 600 డిగ్రీల దగ్గర సగానికి పైగా బలం పోతుంది కాబట్టి వాటిని కర్రలోనే దాచాలి. అపార్టుమెంటుకైతే జిప్సం బోర్డులు, మంటపై నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు, పైపులు అంతస్తు దాటే కంతలు మూయడం తప్పనిసరి.

టేకు ధర, చెదలు చూస్తే సూర్యాపేట, మిర్యాలగూడల్లో ఇప్పట్లో కర్ర అపార్టుమెంట్లు లేస్తాయని అనుకోను. ఇది సిమెంటు ఫ్యాక్టరీల సీమ. కానీ అతుకు గట్టిగా ఉండాలన్న నియమం కాంక్రీటుకూ ఉంది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు నా మనవి: పిల్లర్, బీమ్ కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా వేశారా, వాటి కొసలు లోపలికి వంచారా అని ఇంజినీరును పక్కన పెట్టుకుని చూడండి. కాంక్రీటు పోయకముందే చూడండి.