మాతృక, ప్రతి

పిల్లలూ! పూర్వం మన పుస్తకాలు తాటాకుల మీద ఉండేవని మీరెరుగుదురు గదా. తాటాకును పురుగు తింటుంది. చెమ్మ తగిలితే పాడవుతుంది. అందుచేత పెద్దలు పుస్తకం శిథిలం కాకముందే కొత్త ఆకుల మీద ఘంటంతో మళ్లీ రాయించేవారు. చూసి రాసేది మాతృక. రాయగా వచ్చినది ప్రతి. ఇలా ప్రతికి ప్రతి పుట్టబట్టే వందల ఏళ్లనాటి కావ్యాలు మన చేతికందినవి.

నేడు కంప్యూటర్‌కు కూడా ఈ పని తప్పదు. కంప్యూటర్ తన సంగతులన్నీ హార్డ్ డిస్కులో దాచుకుంటుంది. 1956లో ఐబీఎం కంపెనీ తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిసి పట్టినవి 50 లక్షల అక్షరాలే! ఇప్పుడు అరచేతిలో ఇమిడే డిస్కులో దానికి లక్ష రెట్లు పడుతుంది. కాని అది చెడిపోతే పోయేది కూడా అంతే.

మా అమ్మ చెప్పిన పొడుపుకథలను ఆమె గొంతుతోనే నా కంప్యూటర్‌లో దాచాను. అమ్మ ఇప్పుడు లేదు. ఆ గొంతు ఉన్నది ఆ ఒక్క డిస్కులోనే. అది 500 గిగాబైట్లది, పాతబడుతున్నది. అందుకని మొన్న వేసవిలో తునిలో మా ఇంట్లో, మనవడూ నేనూ కూర్చుని 1000 గిగాబైట్ల కొత్త డిస్కు మీదికి ప్రతి తీశాము.

“ఫైళ్లు ఎత్తి పెట్టుకుంటే చాలదుట్రా?” అన్నాను.

“ఫైళ్లు దక్కుతాయి తాతయ్యా. కాని ఆ డిస్కుతో కంప్యూటర్ లేవదు. దాన్ని లేపే ఆజ్ఞలు కంటికి కనబడని చోట ఉంటాయి. క్లోనింగ్ చేస్తే అవి కూడా వస్తాయి,” అన్నాడు వాడు.

ఏది మాతృక, ఏది ప్రతి అని కంప్యూటర్ ముందుగా అడుగుతుంది. ఇక్కడే జాగ్రత్త! ఇవి తారుమారైతే ఖాళీ డిస్కు నిండు డిస్కును తుడిచిపెడుతుంది. రెండింటి పేర్లూ, కొలతలూ పైకి చదివి, తరువాతనే మీట నొక్కాము. సెకనుకు 50 మెగాబైట్ల చొప్పున 500 గిగాబైట్లకు ఎంతసేపు పడుతుందో లెక్క కట్టండి. రెండు గంటల 46 నిమిషాలు దాటుతుంది!

పని ముగిశాక చూస్తే, కొత్త డిస్కులో సగమే వాడుకలో ఉన్నది. చిన్న చేను గట్లను ఉన్నవున్నట్టుగా పెద్ద చేలో వేస్తే అవతలి నేల బీడుగా మిగులుతుంది గదా! మావాడు గట్టు జరిపి, ఆ చోటు కూడా కలిపాడు.

ప్రతి తీసినంత మాత్రాన చాలదు, సరిచూడాలి. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతాలిచ్చి తెలుగు కావ్యాలకు ప్రతులు రాయించాడు. ఒక్క ప్రతిని నమ్మక, అనేక ప్రతులు సంపాదించి, పోల్చి చూపించేవాడు. మేము కూడా పాత డిస్కు ఊడదీసి, దాని స్థానంలో కొత్తది బిగించాము. కంప్యూటర్ లేచింది. ఫైళ్లు ఒక్కొక్కటే తెరిచాము. అమ్మ పొడుపుకథ వేసి, విప్పుకోమని నవ్వింది. మునిమనవడు విప్పలేకపోయాడు!

మరి ఆ ప్రతిని ఎక్కడ దాచాలి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. అటువంటి గాలివాన ఇంటిమీద పడితే, ఒకే బీరువాలో ఉన్న మాతృకా పోతుంది, ప్రతీ పోతుంది. అందుకే పాత డిస్కును మళ్లీ కంప్యూటర్‌లో బిగించి, కొత్తదాన్ని రాజమండ్రిలో మా అమ్మాయి ఇంటికి పంపాను. ప్రతి తీసిన నాటి సంగతులే అందులో ఉంటాయి. తరువాత రాసినవి వాటంతట అవి చేరవు. అందుచేత దసరాకూ, సంక్రాంతికీ వచ్చేటప్పుడు అమ్మాయి దాన్ని వెంట తెస్తుంది; మళ్లీ ప్రతి తీసి పంపుతాము.

పిల్లలూ, మీ ఇంట్లో ఒకే ఒక్క చోట ఉన్న ఫొటోలు ఏవి, పాటలు ఏవి? ఈ రాత్రి అమ్మనూ నాన్ననూ అడిగి, చీటీ మీద రాయండి. ఆ చీటీలో మొదటి పేరు దేనిదో, దానికే ముందుగా ప్రతి తీయండి.