మా వీధిలోని బడి

ఒక అనువాదము మంచిదో కాదో చెప్పుమని నా దగ్గరకు వచ్చేవారు తరచుగా అనువాదమును మాత్రమే తెస్తారు, మూలమును తేరు. తెలుగు సాఫీగా ఉన్నదా, చదువుటకు హాయిగా ఉన్నదా అని అడుగుతారు. సాఫీగా ఉన్నంత మాత్రమున అది మంచి అనువాదము కాదు. ఆ సాఫీతనము మూలరచయిత చలవ కావచ్చును. లేదా కష్టమైన వాక్యములన్నిటిని అనువాదకుడు ఎవరికి తెలియకుండ జారవిడిచి ఉండవచ్చును. రెండింటిని పక్కపక్కన పెట్టుకొని, ఒక్కొక్క వాక్యము ఎక్కడ బయలుదేరి ఎక్కడకు చేరినదో చూచిన గాని తీర్పు చెప్పుటకు వీలు లేదు. ఇన్నేండ్లుగా హిందీ నుండి తెలుగులోనికి, అప్పుడప్పుడు తెలుగు నుండి హిందీలోనికి పుస్తకములు తెస్తూ నేను నేర్చుకొన్నది ముఖ్యముగా ఇది ఒక్కటే. బడుల విషయములో కూడ ఈ అలవాటు నన్ను వదలలేదు.

నేనుండే రాయపూరు 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు రాజధాని అయినది. అంతకు ఎంతో ముందే, 1931లో విజయనగరము నుండి ఇక్కడికి రైలు దారి పూర్తి అయిన నాటి నుండి, శ్రీకాకుళము, విజయనగరము వైపు వారు పొట్ట చేతబట్టుకొని ఈ ఊరు చేరుతూనే ఉన్నారు. రైల్వేలో పని దొరికినవారు కొందరు. దొరకక చేతిపనులలో కుదురుకొన్నవారు ఎందరో. మా వీధి చివర వేపచెట్టు క్రింద బండి నిలుపుకొని బట్టలు ఇస్త్రీ చేసే వృద్ధుడు ఈ రెండవ కోవకు చెందినవాడు. ఆయన మనవరాలికి ఆరవ యేడు వచ్చినది. ఇక్కడ బడులు జూన్ నెల నడుమ తెరుస్తారు. అందుకు కొన్ని దినముల ముందు, ఒక సాయంకాలము ఆయన బట్టల మూట ఇచ్చి, డబ్బులు తీసుకొని, కదలక నిలుచున్నాడు.

"బాబూ, మా బుల్లిని సర్కారు బడిలో ఎయ్యమంతారా, డబ్బులు కట్టే ఇంగిలీసు బడిలో ఎయ్యమంతారా? సదువుకున్నోరు, మీరు సూసి సెప్పండి."

ఆ ఇంగ్లీషు బడి రుసుము ఎంతో అడిగి, ఆయన సంపాదనతో పోల్చి చూచినాను. నెలలో సుమారు పది దినముల నిలువుకాళ్ళ శ్రమ దానికే పోతుంది. ఊరకనే తోచిన మాట చెప్పి పంపుటకు మనసొప్పలేదు. చూచి చెప్పెదనన్నాను.

బడిని గూర్చి తెలుసుకొనుటకు ఇప్పుడు కాగితములకు కొరత లేదు. దేశములోని ప్రతి బడికి పదకొండు అంకెల సంఖ్య ఒకటి ఉన్నది. మా రాష్ట్రపు బడులకది 22తో మొదలవుతుంది. ఆ సంఖ్యను బట్టి గదులెన్ని, ఉపాధ్యాయులెందరు, నీరున్నదా, మరుగుదొడ్లు ఉన్నవా అనునది ఎవరైనను చూడవచ్చును. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రాథమిక తరగతులలో ముప్పది మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు చొప్పున ఉండవలెనని, ఏడాదికి 200 పనిదినములు, 800 గంటల బోధన జరుగవలెనని నియమించినది. మా వీధిలోని సర్కారు బడిలో పిల్లలు యాభైకి పైబడి ఉన్నారు, ఉపాధ్యాయులు ఇద్దరు. చట్టము ఎక్కడను తప్పలేదు. కాని తరగతులు అయిదు! ఇద్దరు మనుష్యులు అయిదు తరగతులకు ఏక కాలమున పాఠము ఎట్లా చెప్పుతారో చట్టము చెప్పలేదు. ఆ ఇద్దరిలో ఒకరు నేను వెళ్ళిన నాడు ఓటర్ల జాబితా పని మీద వీధులు తిరుగుతున్నారు. ఉపాధ్యాయులను చదువుకు సంబంధింపని పనులలో పెట్టరాదని ఆ చట్టమే నిషేధించి, జనగణనకు, విపత్తు సహాయమునకు, ఎన్నికలకు మినహాయింపు ఇచ్చినది. ఎన్నికలు లేని యేడు మన దేశములో ఏది? కాగితము మీద మరుగుదొడ్లు రెండు. ఉన్న మాట నిజమే. ఒకదానికి తాళము వేసి ఉన్నది.

కాగితములు బడికి ఏమి ఇచ్చినారో చెప్పుతాయి గాని బడి పిల్లవానికి ఏమి ఇచ్చినదో చెప్పవు. దానికి వేరు ప్రయత్నములు ఉన్నవి. ప్రథమ్ అను సంస్థ 2005లో గ్రామములలో ఒక సర్వే మొదలు పెట్టినది. దాని పేరు 'అసర్'. హిందీలో ఈ మాటకు ప్రభావమని అర్థము. అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2018లో నూటికి 50.5, బడులు మూతపడిన కరోనా కాలము గడచిన పిమ్మట 2022లో 42.8 అని ఆ సర్వే తేల్చినది. ఇవి గ్రామీణ భారతమునంతటిని గూర్చిన అంకెలు. మా వీధి బడిని గూర్చి ఇవేమియు చెప్పలేవు. అయినను ఆ సర్వే చేసేవారి పద్ధతి ఒకటి నాకు నచ్చినది. వారు పిల్లలను బడిలో పరీక్షింపరు. ఇంటికి పోయి అడుగుతారు. నేనును అట్లే చేసినాను. మా వెనుక వీధిలో రెండు బడులకు పోయే పిల్లలును ఉన్నారు.

డబ్బు కట్టే బడిలో మూడవ తరగతి చదివే ఒక బాలుడు ఇంగ్లీషు వాచకము తెరచి ఒక పుట గడగడ చదివినాడు. తల్లి ముఖము వెలిగినది. నేను పుట నడుమ ఒక మాట మీద వ్రేలు పెట్టి, ఇదేమని అడిగినాను. బాలుడు ఒక క్షణము ఆగి, మొదటి వాక్యము నుండి మరల అందుకొన్నాడు. ఆ మాట దగ్గరకు చేరవలెనంటే మొదటి నుండి రావలసినదే. నడిమి స్టేషనులో బండి ఎక్కుటకు వీలు లేదు. రెండవ మారు, మూడవ మారు కూడ అంతే. తల్లికి సంగతి అర్థము కాలేదు, నేను చెప్పలేదు. డబ్బు బడులన్నియు ఇట్లే ఉండునని నేననను. ఈ విద్య కొత్తదియు కాదు. మద్రాసు రాజధానిలో పందొమ్మిదవ శతాబ్దమున రిజల్టు గ్రాంట్లని ఉండేవి. ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఎందరు తేరితే బడికి అంత డబ్బు. ఇంగ్లండులో 1862లో పుట్టిన పద్ధతి అది. పరీక్షనాటికి పనికివచ్చేది తప్ప మరేదియు బడిలో మిగులకపోవుట దాని ఫలము.

ఆ వీధిలోనే ఇంకొక బాలిక చక్కగా చదివినది, వ్రేలు ఎక్కడ పెట్టినను చెప్పినది. ఆమె తండ్రి గుమాస్తా. సాయంకాలము దగ్గర కూర్చుండబెట్టుకొని చదివిస్తాడు. ఆ ఘనత బడిదా, తండ్రిదా? రాయపూరువారు గర్వముగా చెప్పుకొనే సంగతి ఒకటి ఇక్కడ నాకు గుర్తుకు వస్తుంది. తరువాత వివేకానందస్వామి అయిన నరేంద్రుడు 1877లో బాలుడుగా ఈ ఊరు వచ్చి సుమారు రెండేండ్లు ఉన్నాడు. అప్పటికి ఇక్కడ తగిన బడి లేకపోవుటచే తండ్రియే చదువు చెప్పినాడని జీవితచరిత్రలు చెప్పుతాయి. తండ్రి కలకత్తా హైకోర్టులో న్యాయవాది. అట్టి ఇంట పుట్టిన పిల్లవానికి బడి లేకున్నను చదువు ఆగలేదు. కనుక అట్టి పిల్లలను చూచి ఏ బడిని మెచ్చుకొన్నను, తెగడినను అది మూలమును చూడక అనువాదమును మెచ్చుకొన్నట్లే. ఇంటిలో అక్షరమన్నది లేని పిల్లవాడు బడిలో ఏమవుతున్నాడు? బడి గుణము తెలియవలెనంటే చూడవలసినవాడు వాడు.

వానలు పడుతున్న ఒక మంగళవారము ముందుగా చెప్పకుండ ఆ బడికి పోయినాను. గోడ మీద 'శాసకీయ ప్రాథమిక శాల' అని, దాని క్రింద మధ్యాహ్న భోజనపు వారపట్టిక. ఇక్కడ ప్రాథమిక పాఠశాల పెద్దను 'ప్రధాన్ పాఠక్' అంటారు. పాఠక్ అనగా పాఠము చెప్పేవాడు, చదివేవాడు అని రెండర్థములు. మన 'ప్రధానోపాధ్యాయుడు' కంటె ఈ మాట నాకు ఇంపుగా తోస్తుంది. ఆ పెద్ద ఓటర్ల పని మీద పోయి ఉండగా, బడిలో మిగిలిన ఉపాధ్యాయిని నన్ను చూచి కంగారు పడలేదు. కూర్చుండుమని చాప చూపి తన పనిలో తాను పడినది.

ఒకటవ, రెండవ తరగతుల పిల్లలు కలిసి కూర్చున్నారు. ఆమె బొమ్మల అట్టలు చూపిస్తున్నది. చెట్టు బొమ్మ వచ్చినప్పుడు గోడకు ఆనుకొని కూర్చున్న ఒక బాలుడు "రుఖ్" అన్నాడు. తక్కినవారు నవ్వినారు; పుస్తకములో 'పేడ్' అని ఉన్నది. రుఖ్ అనునది ఛత్తీస్‌గఢీ మాట, వాని ఇంటి మాట. నవ్విన పిల్లలలో చాలమంది ఇండ్లలో కూడ అదే మాట! ఉపాధ్యాయిని నవ్వలేదు, కోపపడలేదు. నల్లబల్ల మీద రెండు మాటలును పక్కపక్కన వ్రాసినది. ఇంటిలో ఇట్లా, పుస్తకములో ఇట్లా అన్నది. కొంత సేపటికి ఎండ బొమ్మ వచ్చినది. అంతవరకు గోడ వైపు తిరిగి ఉన్న ఆ బాలుడే అందరికంటె ముందుగా "ఘామ్" అన్నాడు. వెంటనే తానే "ధూప్" అని చేర్చినాడు. నా వృత్తిలో ఒకడు పెరిగినాడని సంతోషించినాను.

హిందీయు ఛత్తీస్‌గఢీయు రెండును సరిగా రాని తెలుగుపిల్ల వస్తే ఏమి చేస్తావమ్మా అని ఆమెను అడిగినాను. మొదటి నెల ఆ పిల్ల మాటలు పది నేను నేర్చుకొంటాను, నా మాటలు పది ఆమెకు నేర్పుతాను అన్నది. పేడ్‌ను తెలుగులో ఏమంటారని అడిగి, తన పుస్తకములో నాగరి లిపిలో 'చెట్టు' అని వ్రాసుకొన్నది.

మన తెలుగువారికి ఈ సంగతి కొత్తది కాదు. 1907 ప్రాంతమున ఉత్తర సర్కారు జిల్లాల బడులను పరీక్షించుటకు వచ్చిన యేట్స్ అను ఆంగ్లేయ అధికారి, జనుల నోటి తెలుగునకును పుస్తకముల తెలుగునకును నడుమ ఇంత ఎడమేమని ఆరా తీసినాడు. ఆ ఆరా గిడుగు రామమూర్తి పంతులుగారి వరకు పోయి, వ్యావహారిక భాషోద్యమమునకు దారి తీసినది. గిడుగువారు అప్పటికే సవరల భాష నేర్చి, ఆ పిల్లలకు వారి మాటలలోనే చదువు చెప్పించినవారు. (ఈ వ్యాసములోని భాష చూస్తే ఆయన నన్ను క్షమించేవారు కాదు.) ఛత్తీస్‌గఢీ 2007 నుండి హిందీతో పాటు ఈ రాష్ట్రపు రాజభాష. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధన జరుగవలెనని విద్యాహక్కు చట్టములో ఉన్నది; 2020 జాతీయ విద్యావిధానములోను ఉన్నది. అవి అన్నియు తరగతి గదిలోనికి వచ్చునది ఉపాధ్యాయిని నోటి ద్వారానే. ఆమె నవ్వి ఉంటే ఆ బాలుడు గోడ వైపే ఉండిపోయి ఉండేవాడు.

ఇంతటితో లేచి వచ్చి ఉంటే నా నివేదిక చాల మధురముగా ఉండేది. నాలుగవ, అయిదవ తరగతుల గదిలోనికి కూడ పోయినాను. పిల్లలు నిశ్శబ్దముగా గైడు చూచి జవాబులు ఎక్కించుకొంటున్నారు. పుస్తకములు తీసి చూచినాను. చేవ్రాత ముత్యముల వలె ఉన్నది. ఒక్క తప్పును లేదు. అందరి పుస్తకములలోను ఒకే జవాబు, ఒకే మాటలతో. తప్పు లేని పిల్లల పుస్తకము కంటె నన్ను భయపెట్టేది మరొకటి లేదు. ఒక బాలికను మూడు అంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపుమన్నాను. ఆమె పుస్తకములో అట్టి లెక్కలు ఇరవై ఉన్నవి. కాని ఆమె చేయలేకపోయినది.

మరునాడు ప్రధాన్ పాఠక్ దొరికినారు. ఆయనను 'దాఖిల్-ఖారిజ్' చూపింపుమని కోరినాను. చేరినవారి పేర్లు, విడిచిపోయినవారి పేర్లు ఎక్కించే పట్టిక అది. ఏ బడిలోనైనను నేను నమ్మే పుస్తకము ఇదొక్కటే. అయిదేండ్ల క్రితము ఒకటవ తరగతిలో చేరినవారిలో ఇప్పుడు అయిదవ తరగతిలో ఉన్నవారు సగము కంటె తక్కువ. తక్కినవారు ఏమైనారని అడిగితే ఆయన ఏ పుస్తకమును చూడకుండ ఒక్కొక్క పేరు చెప్పినారు: ఈ పిల్ల తల్లిదండ్రులతో ఇటుకబట్టీకి పోయినది, వీనిని డబ్బు బడిలో వేసినారు, ఈమెకు స్వామి ఆత్మానంద్ ఇంగ్లీషు బడిలో చీటీ తగిలినది. ఆత్మానంద్ బడులను 2020లో ప్రభుత్వము తెరచినది. కోరినవారు ఎక్కువ, చోటు తక్కువ కనుక చీటీలు తీస్తారు. పోయిన ప్రతి పిల్లను పేరుతో గుర్తుంచుకొన్న మనిషిని చూచి నాకు గౌరవము కలిగినది. కాని నాలుగవ తరగతి పిల్లలు గైడు చూచి వ్రాస్తున్నది ఆయన గదిలోనే గదా. ఈ రెండును ఒకే మనిషిలో ఎట్లా ఉన్నవని అడిగేవారు, అయిదు తరగతులను, వంటమనుషుల లెక్కలను, ఓటర్ల జాబితాను ఒక్క చేతితో మోసి చూడవలెను.

వృద్ధునితో ఉన్నది ఉన్నట్లు చెప్పినాను. మొదటి రెండు తరగతులకు ఈ బడి మంచిది. ఆ మంచి అంతయు ఒక్క మనిషిలో ఉన్నది. ఆమెకు బదిలీ అయితే నా మాట చెల్లదు. 2025లో ఈ రాష్ట్రములో 'యుక్తియుక్తకరణ్' అను పేర ఎన్నో బడులను కలిపివేసి, ఉపాధ్యాయులను అటునిటు మార్చినారు. మరల జరుగదని ఎవరు చెప్పగలరు? పై తరగతులు బాగుగా లేవు. డబ్బు కట్టే ఆ బడి అంతకంటె మేలని మాత్రము నాకు తోచలేదు. రుసుము మిగుల్చుకొని, పిల్లను ఇక్కడ చేర్చి, ప్రతి సాయంకాలము బండి దగ్గర కూర్చుండబెట్టి, బట్టలు చుట్టే వార్తాపత్రికలో వ్రేలు పెట్టి అడుగుమన్నాను. నీకు హిందీ రాకపోయినను, ఆమె తడబడుతున్నదో లేదో నీకు తెలుస్తుంది అన్నాను.

ఇంకొక మాట కూడ చెప్పినాను. బడి పాలన సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెనని, సగము మంది స్త్రీలు కావలెనని చట్టము. కోడలిని ఆ సభకు పంపుమన్నాను.

"అది మాటాడగలదా బాబూ?" అన్నాడు.

పిల్లను చేర్చినారు. కోడలు సభకు పోయినది. సగము తెలుగు, సగము ఛత్తీస్‌గఢీ కలిపి, రెండవ మరుగుదొడ్డి తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదని అడిగినదట. ఆ వారములోనే తాళము తీసినారు. నాలుగవ తరగతి సంగతి ఇంకను ఎవరును అడుగలేదు.