ట్యాంకు అడుగున నీళ్లు

సెప్టెంబరు దాటుతుంటే డెన్వర్ చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బతుకమ్మ ఏర్పాట్ల మధ్య ఒక ప్రశ్న తిరుగుతుంది: ‘‘ఎవరి దగ్గరైనా ఎయిర్ కంప్రెసర్ ఉందా అన్నా?’’ లాన్ కింద పాతిన స్ప్రింక్లర్ గొట్టాల్లో నీళ్లు మిగిలితే చలికి గడ్డకట్టి గొట్టాలు పగులుతాయి. అందుకే గట్టి చలి రాకముందే గాలి కొట్టి ఆ నీళ్లను బయటికి తోలెయ్యాలి. మనిషిని పిలిస్తే గంటలోపు తేలిపోయే పనే. కానీ ఆ కాస్త పనికి డాలర్లు పొయ్యడానికి మనవాళ్లకు చేతులు రావు.

అరోరాలో ఉండే ఒక గుంటూరు ఇంజనీరు అలాగే గరాజ్ సేల్‌లో ఓ పాత కంప్రెసర్ చవగ్గా పట్టుకొచ్చాడు. స్విచ్ వేస్తే గేజీ ముల్లు చకచకా ఎక్కింది, మోటారు చప్పుడులో తేడా లేదు. ఆ సమయానికి ఇండియా నుంచి వచ్చిన మామగారు అక్కడే ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం షెడ్డు నడిపిన మనిషి. ‘‘ముల్లు తర్వాత చూద్దాం బాబూ, ముందు కరెంటు తీసి గాలి దించండి. అడుగున కాక్ తిప్పి చూడండి’’ అన్నారు. తిప్పితే డికాషన్ రంగులో నీళ్లు వచ్చాయి, వాటి వెంట తుప్పు పెచ్చులు. ఆయన ఆ పెచ్చుల్ని వేళ్ల మధ్య నలిపి చూసి, ‘‘దీన్ని మళ్లీ ఆన్ చెయ్యొద్దు’’ అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

కంప్రెసర్ గాలిని దాదాపు పదోవంతు చోటులోకి కుక్కుతుంది. ఆ వేడి గాలి ట్యాంకులో చల్లారేసరికి అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది. ఇనుము లోపలినుంచి తుప్పుపట్టి పలచబడుతుంది. బయటి రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. 150 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర, నాలుగంగుళాల పొడవు నాలుగంగుళాల వెడల్పున్న రేకు మీద వెయ్యి కిలోలకు పైగా ఒత్తిడి పడుతుంది. పలచబడ్డ చోట అది ఆగకపోతే ట్యాంకు చీలిపోతుంది. పంక్చర్ షాపుల్లో ట్యాంకు పేలిందని మన పేపర్లలో వచ్చే వార్తలు తెలియనివాళ్లు తక్కువ.

అందుకే పని అయ్యాక గాలి దించి, నీళ్లు వదిలి, కాక్ తెరిచే ఉంచాలి. తుప్పుపట్టిన ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించడం మాత్రం శుద్ధ తెలివితక్కువ పని. సేఫ్టీ వాల్వ్ కారుతోందని బోల్టు బిగించి మూసేసేవాళ్లూ ఉన్నారు; వాళ్లకేం చెప్పాలి! ఆ వాల్వ్ పాడైతే అదే రేటింగు ఉన్న కొత్తది వెయ్యాలి.

ఇక స్ప్రింక్లర్ దగ్గర చేసే తొందర. ట్యాంకులో 150 ఉందని 150 కొట్టకూడదు. పీవీసీ గొట్టాలకు 80 పీఎస్‌ఐ, మెత్తటి పాలీ గొట్టాలకు 50 దాటొద్దని స్ప్రింక్లర్ తయారీదారులే చెబుతారు. ముందు ఒక జోన్ (ఒకే వాల్వు కింద ఉండే స్ప్రింక్లర్లు) తెరిచి, తర్వాతే గాలి వదలాలి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి, వాల్వుల మీదికి వంగి చూడకూడదు. నీళ్లు ఆగాక కూడా గాలి కొడుతూ పోతే స్ప్రింక్లర్ తలల్లోని ప్లాస్టిక్ గేర్లు వేడెక్కి పాడవుతాయి. ఇంట్లో వాడే ఆరు గ్యాలన్ల ట్యాంకు ఎలాగూ చిటికెలో ఖాళీ అవుతుంది. మళ్లీ నిండేదాకా ఆగాలి, ఓపిక ఉండాలి.

గరాజ్ గోడ వెంట పీవీసీ పైపు వేసి గాలి లైను తయారుచేసుకునే ఉత్సాహవంతులున్నారు. నేల మీద, గోడ మీద అలాంటి లైను వద్దని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే హెచ్చరించింది. పీవీసీ చీలి ఊరుకోదు, పగిలి ముక్కలుగా ఎగురుతుంది. రాగి, ఇనుప గొట్టాలు, లేదా గాలి కోసమే చేసిన హోస్ వాడాలి. కరెంటు ఎక్స్‌టెన్షన్ తీగ పొడిగించే బదులు గాలి హోస్ పొడుగ్గా కొనడం మంచిది. సన్నటి తీగలో వోల్టేజి పడిపోయి మోటారు కాలిపోతుంది.

పిల్లలున్న ఇంట్లో ఇంకో మాట. గాలి గొట్టం ఒంటికి పెట్టే ఆటను మొదట్లోనే ఆపండి. సరదాకి చేసిన ఆ పని ప్రాణాలు తీసిన సందర్భాలు ఇండియాలో ఉన్నాయి.

గరాజ్ సేల్‌లో కంప్రెసర్ బేరమాడేముందు గాలి పూర్తిగా దించమనండి, కాక్ తిప్పమనండి. తుప్పు నీళ్లు వస్తే ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేకండి.