నలభై పాళ్లు సీసం

సాలూరు మెయిన్ రోడ్డు పక్కన ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. చిన్న బల్ల, దాని మీద నీలం రంగు రబ్బరు చాప, చాప మీద వెనక మూత విప్పిన ఫోను. మెకానిక్ కుర్రాడు మైక్రోస్కోపులో తల పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లతో సన్నటి సోల్డరు తీగను బోర్డు దాకా తీసుకొచ్చాడు. సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే తీగ చివర కరిగి, తళుక్కుమని బోర్డుకు అతుక్కుంది. కాస్త పొగ లేచింది. తీగ చుట్టిన రీలు మీద 60/40 అని అచ్చువేసి ఉంది. అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం.

చార్జింగు పిన్ను మారింది. ఫోను యజమాని డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. ఆ ఫోను ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున దాని బోర్డు అతుకుల్లో ఈ సీసం లేదు. సాలూరులో ఈ బల్ల మీద చేరింది.

ఎలక్ట్రానిక్ వస్తువుల్లోంచి విషపదార్థాలను తీసేయాలని ప్రపంచమంతా పట్టుబట్టి రెండు దశాబ్దాలు దాటింది. యూరప్ నిషేధం 2006 జులై 1న అమల్లోకి వచ్చింది. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావాలెంట్ క్రోమియం, ప్లాస్టిక్కు మంట అంటకుండా కలిపే రెండు రకాల బ్రోమిన్ రసాయనాలు ఆ జాబితాలో ఉన్నాయి. ప్లాస్టిక్కును మెత్తబరిచే నాలుగు థాలేట్లపై నిషేధం 2019లో అమల్లోకి వచ్చింది. మన దేశంలో 2011 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల్లోనే ఆ మొదటి ఆరింటికీ పరిమితులు పెట్టారు. అవి 2014 మే 1 నుంచి అమలవుతున్నాయి. ఇప్పుడు నడుస్తున్నవి 2022 నాటి నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. కాడ్మియం 0.01 శాతం, మిగతావి 0.1 శాతం మించకూడదు.

ఈ శాతాన్ని ఫోను మొత్తం బరువులో లెక్కకట్టరు. ఒకే తీరుగా ఉన్న ప్రతి పదార్థంలో, అంటే ఆ ఒక్క అతుకులోనే లెక్కకడతారు. అలా చూస్తే 60/40 తీగతో వేసిన అతుకులో సీసం పరిమితికి నాలుగు వందల రెట్లు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2015 నుంచి ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్లు కూరుస్తోంది. అక్కడి నుంచి వచ్చే ఫోనుకు ఉన్న నియమం, అదే ఫోను చెడిపోయి మన వీధి కొట్టుకు వచ్చేసరికి వర్తించదు. ఈ పరిమితులన్నీ ఉత్పత్తిదారుడి చుట్టూ అల్లినవి. 2014 మే కంటే ముందు అమ్ముడైన పరికరాల విడిభాగాలకు, సరైన ప్రత్యామ్నాయం దొరకనప్పుడు, మినహాయింపు కూడా ఇచ్చారు. రిపేరు బల్ల మీద ఏ తీగ కరుగుతోందో చూడటానికి మాత్రం ఎవరూ రారు.

"పొగే కదండీ డేంజరు? అందుకే ఫ్యాను ఎట్టుకున్నాను," అన్నాడు కుర్రాడు. చాలామంది మెకానిక్కులు అనుకునేది అదే. ఐరన్ వేడి మూడు నాలుగు వందల డిగ్రీలు. సీసం మరిగేది 1,700 డిగ్రీలు దాటాక. కాబట్టి ఆ పొగలో సీసం లేనట్టే లెక్క. అది తీగ లోపలి పేస్టు, అంటే ఎక్కువగా పైన్ చెట్ల జిగురుతో చేసిన ఫ్లక్స్ కాలి వచ్చే పొగ. ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం తెస్తుంది కాబట్టి ఫ్యాను పెట్టుకోవడం మంచిదే. సీసం దారి వేరు. తీగ పట్టుకున్న వేళ్లకు, ఐరన్ తుడిచే స్పాంజికి, చాప మీద రాలిన బూడిదరంగు పొడికి అంటుకుని ఉంటుంది. ఆ వేళ్లు మళ్లీ పకోడీ పొట్లంలోకి వెళతాయి. కొట్టులోకి టీ వచ్చింది. కుర్రాడు తీగ కింద పెట్టి, అదే చేత్తో బిస్కట్టు టీలో ముంచుకుని తిన్నాడు. ఆ చెయ్యే నాకు రోజంతా గుర్తుండిపోయింది.

ఇంతకీ సీసం లేని సరుకు ఆ కొట్టులో అసలు లేదా అంటే, ఉంది. బల్ల సొరుగులో మూడు డబ్బాల పేస్టు ఉంది. మెకానిక్కులు వాటిని కరిగే వేడిని బట్టి పిలుస్తారు. 138, 183, 217. నూట ఎనభై మూడు సీసం కలిసినది. రెండు వందల పదిహేడులో తగరం, వెండి, రాగి ఉంటాయి, ఫ్యాక్టరీల్లో ఎక్కువగా వాడేది ఈ రకమే. నూట ముప్పై ఎనిమిదిలో తగరంతో పాటు బిస్మత్ ఉంటుంది. అంటే మూడింట రెండు డబ్బాల్లో సీసం లేదు. వేడికి తట్టుకోలేని పార్టుల దగ్గర కుర్రాడు 138 వాడతాడు. "అది తొందరగా ఇరిగిపోద్దండి. ఫోను కింద పడితే మళ్లీ నా దగ్గరికే వస్తాది." నిజమే, బిస్మత్ అతుకు పెళుసు. 217 కావాలంటే ఐరన్ వేడి పెంచాలి, మొన త్వరగా అరుగుతుంది, కొత్త చెయ్యి అయితే బోర్డు మీద రాగి పట్టీ లేచిపోతుంది. వెండి కలిసిన తీగ ఖరీదూ ఎక్కువే. 183 మాత్రం చెప్పిన మాట వింటుంది, చవక, అతుకు నిగనిగలాడుతుంది. అతను దాన్ని ఎంచుకోవడంలో బద్ధకం లేదు, పనివాడి లెక్క ఉంది. ఆ లెక్కలో సీసం ఖరీదు ఎవరూ వేసి చూపించలేదు, అంతే.

వెండి లేకుండా తగరంలో 0.7 శాతం రాగి కలిపిన తీగ కూడా ఉంది. వెండి రకం కంటే చవక, కరిగేది 227 డిగ్రీల దగ్గర. వేడి అదుపు చేసుకునే స్టేషను ఉంటే దానితో హాయిగా పని జరుగుతుంది. ఈ కొట్టులో అలాంటి స్టేషను ఉంది. ఆ తీగ లేదు.

సీసం చేతుల్లో కనిపిస్తుంటే పక్కనే కూర్చున్న మరో సంగతి కంట పడదు. బోర్డు తుడవడానికి పెట్టుకున్న సీసాకు లేబులు లేదు. లోపల ఉన్నది పెయింట్ల కొట్టులో దొరికే థిన్నర్. టోల్యూన్ లాంటి ద్రావకాలతో తయారయ్యే ఆ థిన్నర్ వాసనకు తల దిమ్మెక్కుతుంది. ద్రావకాల ముప్పు కొట్టువాళ్ల కష్టమే కాదు, పెద్ద ఫ్యాక్టరీల్లోనూ ఉంది. చైనాలో సుజౌ నగరంలోని వింటెక్ కంపెనీ యాపిల్ ఫోన్ల తెరలు తుడవడానికి ఆల్కహాలు మానేసి ఎన్-హెక్సేన్ వాడింది. కారణం ఒక్కటే, అది త్వరగా ఆరుతుంది. 137 మంది కార్మికుల నరాలు దెబ్బతిన్నాయి, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కి పట్టు తప్పాయి. ఈ సంగతిని యాపిల్ 2011లో తన నివేదికలో ఒప్పుకుంది. 2014లో చివరి కూర్పు దశలో ఎన్-హెక్సేన్, బెంజీన్ వాడకూడదని ప్రకటించింది. దక్షిణ కొరియాలో సామ్‌సంగ్ చిప్ ఫ్యాక్టరీలో పనిచేసిన హ్వాంగ్ యు-మి అనే యువతి 2007లో రక్తక్యాన్సరుతో చనిపోయింది. ఆమె తండ్రి పట్టు విడవకుండా పోరాడాడు. కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2018 నవంబరులో. వస్తువులోంచి విషం తీయడం ఒక ఎత్తు, దాన్ని తయారుచేసేవాళ్ల దగ్గరనుంచి తీయడం ఇంకో ఎత్తు. నిషేధాల జాబితాలు ఎక్కువగా మొదటిదాన్నే చూస్తాయి.

మళ్లీ సీసం దగ్గరికి వస్తే, సాలూరు లారీల ఊరు. ఒడిశా వైపు కొండల్లోంచి సుంకి ఘాటీ దిగివచ్చే 26వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే విజయనగరం వెళుతుంది. బాడీ కట్టే షెడ్లు, వైరింగు కొట్లు, బ్యాటరీ దుకాణాలు, సెల్ఫ్ మోటార్లు చుట్టేవాళ్లు, రేడియేటర్లకు మాటు వేసేవాళ్లు ఒకరి పక్కన ఒకరు ఉంటారు. ఫోను కొట్టులో తీగ సన్నం. రేడియేటరు కొట్టులో మాత్రం సోల్డరు చిటికెనవేలంత లావు కడ్డీ.

అక్కడ ఒక పెద్దాయన ఇత్తడి ట్యాంకును రాగి గొట్టాలకు అతుకుతున్నాడు. ముందు అతుకు చుట్టూ యాసిడ్ పూసి, తీగల బ్రష్షుతో గరగరా రుద్దాడు. పాత సోల్డరు పొడిపొడిగా రాలి ఆయన ముంజేతి వెంట్రుకల మీద, లుంగీ మీద పడింది. తర్వాత గ్యాసు మంట. కడ్డీ కరిగి ధారగా కారింది. ఐరన్ దగ్గర లేని ప్రమాదం ఇక్కడ ఉంది. మంట వేడికి సీసం ఆవిరై ఆక్సైడుగా గాల్లోకి లేస్తుంది, బ్రష్షు పాత సోల్డరును దుమ్ము చేస్తుంది. 1980లలో అమెరికాలో బోస్టన్ ప్రాంతపు రేడియేటరు మెకానిక్కులను పరీక్షించినప్పుడు వాళ్ల రక్తంలో సీసం బాగా ఎక్కువగా కనిపించింది. వాళ్లు చేసిందీ ఇదే పని.

"ముప్పయ్యేళ్ల బట్టీ ఇదే పని బాబూ. నాకేటీ కాలేదు," అన్నాడాయన. బీపీ బిళ్లలు వేసుకుంటున్నారా అని అడిగితే, "అది అందరికీ ఉన్నదే కదా," అన్నాడు. ఆయన బీపీకి సీసమే కారణమని చెప్పే హక్కు నాకు లేదు. అయితే సీసం బీపీని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది, ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. గర్భిణుల నుంచి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇంత మోతాదైతే ఫరవాలేదని చెప్పగల హద్దే లేదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. తిండితో పోయిన సీసాన్ని పెద్దవాళ్లకంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. పెద్దాయన సాయంత్రం అదే లుంగీతో ఇంటికి వెళతాడు, మనవరాలు ఎదురొచ్చి ఒళ్లోకి ఎక్కుతుంది. చేతులు కడుగుతారా అంటే, కడుగుతాం, ముందు కిరసనాయిలు, తర్వాత సబ్బుపొడి అని చెప్పాడు. లుంగీ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదట.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, సర్కారుకు తప్పక తెలియజేయాల్సిన వృత్తి జబ్బుల పట్టికలో సీసం విషాన్నే మొదట రాసింది. కానీ ఆ చట్టం లెక్కలో, కరెంటుతో నడిచే చోట కనీసం పదిమంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. ఈ కొట్టులో ఉన్నది పెద్దాయన, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. పట్టికలో మొదటి జబ్బు ముప్పు ఉన్నది వీళ్ల దగ్గర, పట్టిక రాసింది ఇంకెవరికో.

రంగుల సంగతీ అంతే. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లకు 90 మించకూడదని 2016లో నిబంధన తెచ్చారు. అది ఇంటి రంగులకు, అలంకరణ రంగులకు మాత్రమే. లారీ బాడీకి కొట్టే పారిశ్రామిక రంగులు దాని పరిధిలోకి రావు.

ఇవన్నీ కొలవలేని విషాలు కావు. హైదరాబాదులో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ఈ నిషిద్ధ పదార్థాలను పరీక్షించే ప్రయోగశాల ఉంది. ముందు ఎక్స్‌రే పరికరంతో పైపైన జల్లెడ పడతారు. అనుమానం ఉన్న ముక్కను యాసిడ్లలో కరిగించి సీసం, కాడ్మియం ఎంతో తేలుస్తారు. హెక్సావాలెంట్ క్రోమియానికి వేరే పరీక్ష, అది ఉంటే ద్రావణం ఊదా గులాబీ రంగుకు తిరుగుతుంది. కంపెనీల సరుకును మార్కెట్లోంచి తీసి పరీక్షించే అధికారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి ఉంది. దేశానికి చట్టం ఉంది, పరికరం ఉంది, చదువుకున్న శాస్త్రవేత్తలు ఉన్నారు. సాలూరు బల్ల దాకా రావలసింది మాత్రం ఒక రీలు తీగ.

మనవాళ్లు మారరు అనే మాట నేను ఒప్పుకోను. పెట్రోల్లో సీసం 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా ఆగిపోయింది, ఆ రోజు ఏ బండీ ఆగలేదు. 2014లో రాష్ట్రంలో ఇంటింటికీ ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మొదలైన జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పాదరసం ఉన్న సీఎఫ్‌ఎల్ బల్బులను ఇళ్లలోంచి పంపేయడానికి ఎవరినీ బెదిరించనక్కర్లేకపోయింది. మంచి బల్బును చవకగా చేతిలో పెట్టారు, జనం తీసుకున్నారు. అదే పద్ధతి సోల్డరుకు ఎందుకు పనికిరాదు?

ఫోను కొట్టు కుర్రాడు ఈ పని ఒక శిక్షణ కేంద్రంలో నేర్చుకున్నాడు. అక్కడ ఇచ్చిన కిట్టులో ఐరన్, పటకారు, పేస్టు డబ్బా, 60/40 రీలు ఉన్నాయి. మొదట చెయ్యి అలవాటుపడిన తీగనే ఇవాళ్టికీ కొంటున్నాడు. ఆ కిట్టులో రీలు మారిస్తే చాలా మారుతుంది. ఉత్తరాంధ్ర ఐటీఐలు, సెల్‌ఫోన్ రిపేరు నేర్పే నైపుణ్య శిక్షణ కేంద్రాలు సీసం లేని తీగతోనే పాఠం మొదలుపెట్టాలి. దానికి తగ్గట్టు వేడి ఎలా పెంచుకోవాలో, తినే ముందు చేతులు సబ్బుతో ఎందుకు కడగాలో అదే రోజు చెప్పాలి. లారీ యజమానుల సంఘాలు రేడియేటరు పనివాళ్లకు ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించాలి, పని బట్టలు కొట్టులోనే విప్పి వెళ్లే ఏర్పాటు చేయాలి. ఇక ఫోను రిపేరుకు ఇచ్చే మనం, స్క్రీను ఒరిజినలేనా అని అడిగే నోటితోనే, ఏ తీగతో అతుకుతున్నావు బాబూ అని కూడా అడుగుదాం. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇద్దాం.