అమ్మకో కూతపెట్టె

మా సూర్యాపేటలో టీవీలు, టేపురికార్డర్లు బాగుచేసే ఒక దుకాణం ఈమధ్య మూసేశారు. మిగిలిన సామాను అమ్మేస్తుంటే మా మరిది ఒక సంచి 150 రూపాయలకు తెచ్చి వరండాలో కుమ్మరించాడు. "వదినా, లోపలేముందో అమ్మినాయనకే తెల్వదు" అన్నాడు.

నేను బి.ఎస్సీ.లో ఫిజిక్స్ చదివినదాన్ని. బియ్యంలో రాళ్లేరినట్టు చాటలో పోసుకుని ఏరుతూ కూర్చుంటే ఎంత హాయో! రెసిస్టర్ల మీది రంగుచారలు ఇంకా గుర్తున్నాయి. గోధుమరంగు, నలుపు, ఎరుపు ఉంటే వెయ్యి ఓములన్నమాట. బి.సి.547 ట్రాన్సిస్టర్లు గుప్పెడు, బజర్లు రెండు దొరికాయి. (పాత టీవీ బోర్డులు విప్పేవాళ్లు జాగ్రత్త. ప్లగ్గు తీసేసినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలవుండి కొట్టొచ్చు. సోల్డరింగ్ తీగలో సీసం కలుస్తుంది కనుక ఆ పని వంటగట్టు మీద అసలొద్దు.)

మిర్యాలగూడలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. మోటారు వేసి, ట్యాంకు నిండిందో లేదో చూడ్డానికి రోజూ మేడమెట్లు ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పులు. పోయిన వానాకాలం ఒకసారి జారింది కూడా. మా ఇంటికి రమ్మంటే "నా ఇల్లు ఇడిసిపెట్టి నేను యాడికి రాను బిడ్డా" అంటుంది. నా బెంగంతా ఆ మెట్ల మీదే.

అందుకే ఆ సంచిలోంచి ఆమెకో కూతపెట్టె చేశాను. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి బజరుకు, బజరు నుంచి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు, ఎమిటర్ నుంచి మైనస్‌కు తీగలు కలిపాను. ప్లస్ నుంచే ఇంకో తీగ ట్యాంకు పైఅంచు దాకా వెళ్తుంది. దాని పక్కనే అంగుళం ఎడంగా మరో తీగ, అది వెయ్యి ఓముల రెసిస్టర్ గుండా బేస్‌కు చేరుతుంది. నీళ్లు రెండు కొసలనూ తాకగానే రవ్వంత కరెంటు నీటిగుండా బేస్‌కు పోతుంది. ఆ రవ్వంతతోనే ట్రాన్సిస్టర్ తలుపు తెరిచినట్టు బజరుకు దారిస్తుంది. ఉత్త రాగితీగకు చిలుము పడుతుంది గనుక కొసలకు స్టీలు స్క్రూలు బిగించాను. మిగతాదంతా పాత సబ్బుపెట్టెలో, వంటింటి గోడకు. మోటారు ఆపాక దీని స్విచ్ కూడా ఆపాలి, లేకపోతే బ్యాటరీ దండగ.

మొదటిరోజు ఫోన్ చేస్తే, "కూత ఇనబడ్డది. అయినా నీ డబ్బా నిజం చెప్తుందో లేదోనని పైకెక్కి చూసిన" అంది అమ్మ. ఇప్పుడు ఎక్కడం మానేసిందని పక్కింటావిడ చెప్పింది. అమ్మనడిగితే మాట దాటేస్తుంది.

కోదాడలో ఉన్న మా ఆడపడుచు తనకూ ఒకటి కావాలంటోంది. వాళ్ల ట్యాంకు మూడో అంతస్తు మీద. సంచిలో బజరు ఇంకొకటుంది, తీగే చాలదు.